పదకొండు నెలల మట్టి

గేటుకీ మెట్లకీ మధ్య
నాలుగడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు.
"ఆ మట్టి వాడుకో, దానికి బాడుగ లేదు"
అంది ఇంటి ఓనరు పుట్టతాయమ్మ.
మిగతా అన్నిటికీ ఉంది.
అగ్రిమెంటు పదకొండు నెలలు.
మత్తికెరెలో ఎవరిదైనా అంతే.

జనవరిలో ఒక ఆదివారం
లాల్‌బాగ్ పక్కన, సిద్దాపుర నర్సరీలో
బైలప్ప ముందు వరస చూపించాడు.
బంతి, పెటూనియా, సాల్వియా,
చూపు తిప్పుకోనివ్వని రంగులు.
"ఇవి మూడు నెలలమ్మా. పూస్తాయి, పోతాయి."
"మరి పోనివి?"

నన్ను వెనక్కి తీసుకెళ్ళాడు,
పచ్చ వల కట్టిన మూలకి.
అక్కడ అన్నీ ఆకులే.
ఎవరూ ఫోటో తీసుకోని మూల అది.
ఒక్కోదానికీ ఒక్కో గడువు చెప్పాడు.
నందివర్ధనం, ఏడాది.
సన్నజాజి పందిరెక్కాలంటే ఏడాదిన్నర.
సంపెంగ... నా మొహం చూసి ఆగి... అయిదేళ్ళు.

వేళ్ళ మీద లెక్కేసుకున్నాను.
పదకొండు నెలల్లోపు పూయాలి,
పదకొండు నెలలకి చావకూడదు.
పెళ్ళిచూపుల్లో కూడా నేనింత మెలిక పెట్టలేదు.

చివరికి రెండు కనకాంబరాలు,
ఒక బటన్ గులాబీ, ఒక జెర్బెరా.
బస్సులో ఒళ్ళో పెట్టుకు కూర్చుంటే
లగేజీ టికెట్టు కొట్టబోయిన కండక్టరమ్మ
కనకాంబరం కంకి చూసి
చేయి వెనక్కి తీసుకుంది.

సాయంత్రం తవ్వుతుంటే
పారకి మెత్తగా ఏదో తగిలింది.
ఉల్లిగడ్డ అనుకున్నాను.
పక్కన చిన్న గాటు, తెల్లటి తడి.
ఎవరిదో దాచుకున్నది చూసినట్టనిపించి
ఉన్నచోటే పెట్టి కప్పేశాను.

ఫిబ్రవరిలో జెర్బెరా కుళ్ళింది.
ప్రేమ ఎక్కువై, రోజూ నీళ్ళు.
గులాబీకి పిండినల్లి పట్టింది.
పాత టూత్‌బ్రష్షుతో, వేపనూనెతో
ప్రతి కొమ్మకీ పళ్ళు తోమాను.
కనకాంబరాలు మాత్రం
నేను ఆఫీసు నుంచి ఎప్పుడొచ్చినా ఏమీ అనకుండా
కాషాయమూ కాని, గులాబీ కూడా కాని
ఆ ఒక్క రంగే పూస్తూ పోయాయి.

మే నెల మొదటి వాన.
వడగళ్ళు, కరెంటు లేదు, వీధంతా పచ్చిమట్టి వాసన.
తెల్లారి చూస్తే
ఆకు లేదు, ముందస్తు కబురు లేదు,
ఒంటికాడ మీద మొగ్గ.
నాలుగు రోజులకి విచ్చుకుంది.
పిల్లలాడుకునే బంతంత ఎర్రటి గుండ్రం,
సన్నటి పోగులు, కొసల్లో పసుపు.
కాడ మొదట్లో నా పార గాటు.

ఫోనులో ఫోటో చూసి బైలప్ప
"ఫుట్‌బాల్ లిల్లీ. బల్బు అది.
ఏడాదికి ఒక్కసారి, మేలోనే" అన్నాడు.

పుట్టతాయమ్మకి జ్ఞాపకం రావడానికి
రెండు గ్లాసుల కాఫీ పట్టింది.
"సెలిన్! నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి
యూనిఫారం కూడా మార్చుకోకుండా తవ్వేది.
ఖాళీ చేసి పన్నెండేళ్ళు."
తరవాత నలుగురు మారారంట.
ఒకరు అక్కడ స్కూటరు నిలిపారు,
ఒకరు సిమెంటు కలిపారు.
నేను ఎంచుకున్నవాటిలో సగం పోయాయి.
నేను ఎంచుకోనిది
నాకంటే ముందు నుంచీ అద్దె కట్టకుండా ఉంది.

ఎనిమిది రోజుల పువ్వు. తరవాత ఆకులు.
అక్టోబరులో ఆకులు పండుబారుతుంటే
అద్దె పెంచుతానంది పుట్టతాయమ్మ.
మొహమాటంగానే అంది.

ఖాళీ చేసే ముందు రోజు తవ్వాను.
పెద్ద గడ్డ, దాన్నంటుకుని వెల్లుల్లి రెబ్బంత పిల్ల.
పిల్లని తడి గుడ్డలో చుట్టి
పెద్దదాన్ని మళ్ళీ లోపలికి పంపాను,
ఈసారి చేత్తో.

పొద్దున ఆమె లిస్టు చదివింది.
ఫ్యాన్లు రెండు, గీజరు ఒకటి, బల్బులు నాలుగు.
ఒక్కోటీ వెలిగించి చూసుకుంది.
"సరిగ్గా ఉన్నాయి" అంది.
నేను ఏమీ అనలేదు, సంతకం పెట్టాను.

ఇప్పుడు మూడో అంతస్తు, యశవంతపురం వైపు.
బాల్కనీ గ్రిల్లుకి కనకాంబరం కొమ్మలు నాటిన డబ్బా,
పక్కన పెరుగు బకెట్టులో ఆ పిల్లగడ్డ.
పూయడానికి మూడేళ్ళన్నా పడుతుందన్నాడు బైలప్ప.
అగ్రిమెంటు పదకొండు నెలలు.
మట్టి మరీ ఎండకుండా
వారానికొకసారి
కాసిని నీళ్ళు చిలకరిస్తున్నాను.